రాత్రి పది గంటలకు జవాబిచ్చే మనిషి చేతిలో ఏముంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మధ్య స్థాయి కంపెనీలో బ్రాండ్ టీమ్‌లో కొత్తగా చేరారు. పోయిన నెల ఒక కస్టమర్ పెట్టిన వీడియో బాగా తిరిగింది. దాని కింద పడ్డ కామెంట్లను మీవాళ్లు డిలీట్ చేశారు, దాంతో గొడవ రెట్టింపయింది. ఇప్పుడు మీ బాస్ "పెద్ద కంపెనీలు ఏం చేస్తాయో చూసి ఒక ప్లాన్ పట్టుకురా" అన్నారు. సోషల్ మీడియాలో కంపెనీ పేరు ఎక్కడ వచ్చినా పట్టి చూపించే టూల్ ఏది కొనాలి, నెగెటివ్ పోస్టులు తీయించవచ్చా, మంచి రివ్యూలు రాయించుకుంటే తప్పేంటి, చేసిన పనికి ఫలితం ఎలా చూపించాలి అని అడిగారు.

నేను ఈ పనిలో పదిహేడేళ్లుగా ఉన్నాను. మొదటి ఐదేళ్లు కాల్ సెంటర్లో హెడ్‌సెట్ పెట్టుకుని తిట్లు తిన్నాను, ఆ తర్వాత అవే తిట్లను స్క్రీన్ మీద చదవడం మొదలుపెట్టాను. అందుకని మీరడిగిన వరుసలో కాకుండా, నాకు ముఖ్యమనిపించిన వరుసలో చెబుతాను. ఏమీ అనుకోకండి.

టూల్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. ముందు ఇది కనుక్కోండి: రాత్రి పది గంటలకు మీ కంపెనీ సోషల్ మీడియా ఖాతా నుంచి జవాబు రాసే మనిషికి ఏ అధికారం ఉంది? డబ్బు వాపసు ఇవ్వగలరా? పాడైన వస్తువు మార్చి ఇస్తామని మాటివ్వగలరా? సర్వీస్ హెడ్‌ని నిద్ర లేపగలరా? "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, దయచేసి నేరుగా మెసేజ్ (డీఎం) చేయండి" అని టైప్ చేయడం తప్ప ఇంకేమీ చేయలేని మనిషిని అక్కడ కూర్చోబెడితే, ఎంత ఖరీదైన టూల్ కొన్నా అది మీకు చెప్పగలిగేది ఒక్కటే, పరువు ఏ నిమిషంలో పోతోందో. పోకుండా ఆపడం దాని వల్ల కాదు.

నా చేతుల మీదుగా జరిగిందే చెబుతాను. కంపెనీ పేరెందుకు గానీ, ఇళ్లలో వాడే యంత్రాలు అమ్మే సంస్థ. ఒక శుక్రవారం సాయంత్రం ఒకావిడ తన వాషింగ్ మెషిన్ వెనక భాగం కాలి నల్లబడిన ఫోటో పెట్టారు. "నాలుగుసార్లు ఫోన్ చేశాను, నాలుగుసార్లూ టెక్నీషియన్ వస్తాడన్నారు" అని కింద ఒకే ఒక్క వాక్యం. తిట్టు లేదు, ఎవరినీ ట్యాగ్ చేసి బెదిరించలేదు. అందుకే చదివినవాళ్లందరూ నమ్మారు. మేం డీఎం చేయమన్నాం, చేశారు. కంప్లైంట్ నంబర్ అడిగాం, ఇచ్చారు. నేను సర్వీస్ విభాగానికి మెయిల్ పెట్టాను. కొత్త మెషిన్ ఇవ్వాలంటే ముగ్గురు సంతకాలు పెట్టాలి, ఆ ముగ్గురిలో ఒకరు సెలవులో ఉన్నారు.

ఇంతలో రాత్రి తొమ్మిదికి, వారం ముందే షెడ్యూల్ చేసి పెట్టిన మా ప్రచార పోస్టు దానంతటదే వెళ్లిపోయింది. నవ్వుతున్న కుటుంబం బొమ్మ, కింద "మీ ఇంటి నిశ్చింత, మా బాధ్యత". ఇక చూడండి. కాలిన మెషిన్ ఫోటో తెచ్చి దాని కింద అతికించని వాడు పాపాత్ముడు. మా కుర్రాడొకడు కంగారులో నలభై దాకా కామెంట్లు లేపేశాడు. అరగంట తిరక్కుండా స్క్రీన్‌షాట్లు వచ్చేశాయి, డిలీట్ కాకముందు ఒకటి, అయ్యాక ఒకటి, పక్కపక్కన. సోమవారం మధ్యాహ్నానికి మూడో సంతకం పడింది, కొత్త మెషిన్ వెళ్లింది. శుక్రవారం రాత్రి పంపినా సోమవారం పంపినా ఆ మెషిన్ ఖరీదు ఒకటే. మధ్యలో పోయిన మూడు రోజుల ఖరీదు మాత్రం మా పద్దుల్లో ఎక్కడా కనిపించదు.

ఆ తర్వాత ఉండబట్టలేక పాత ఫిర్యాదు పోస్టులు ఓ వంద తీశాను. ఒక్కొక్కరి పేరు మీద కాల్ సెంటర్ రికార్డు వెతికాను. చాలామంది అంతకు ముందే రెండు మూడుసార్లు ఫోన్ చేసినవాళ్లే. ఎవరూ సోషల్ మీడియాకు మొదటే రారు. తలుపులన్నీ తట్టి, ఎవరూ తీయకపోతే వీధిలో నిలబడి అరుస్తారు. ఆ అరుపుకు మనం "ఆన్‌లైన్ రెప్యుటేషన్ సమస్య" అని పేరు పెట్టి బ్రాండ్ టీమ్ నెత్తిన రుద్దుతాం.

పెద్ద కంపెనీల సంగతి అడిగారు కదా. అక్కడా ఇదే తంతు, కాకపోతే ప్రపంచమంతా చూస్తుంది. 2017 ఏప్రిల్ 9న చికాగో ఓహేర్ విమానాశ్రయంలో, లూయీవిల్ వెళ్లాల్సిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలోంచి ఒక ప్రయాణికుణ్ని భద్రతా అధికారులు సీట్ల మధ్య ఈడ్చుకుంటూ తీసుకెళ్లారు. ఆ వీడియో అందరికీ గుర్తే. నాకు గుర్తున్నది దానికి ముందు జరిగిన బేరం. సంస్థ సిబ్బంది నలుగురికి సీట్లు కావలసి వచ్చాయి. సీటు వదులుకున్న వాళ్లకు 800 డాలర్ల దాకా ఇస్తామన్నారు. ఎవరూ లేవలేదు. బేరం అక్కడ ఆగి, తర్వాతి అడుగు అధికారులను పిలవడం దాకా వెళ్లింది.

ఆ తర్వాత సంస్థ అధిపతి ఆస్కార్ మున్యోజ్ మాట్లాడిన తీరు ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చదవాల్సిన పాఠం. ఏప్రిల్ 10న వచ్చిన మొదటి ప్రకటనలో, ప్రయాణికులకు వేరే ఏర్పాటు చేయాల్సి వచ్చినందుకు క్షమాపణ ఉంది. రక్తం కారుతున్న మనిషిని జనం చూస్తున్నారు, ప్రకటన సీట్ల సర్దుబాటు గురించి మాట్లాడుతోంది. అదే రోజు ఉద్యోగులకు రాసిన లేఖలో, ఆ ప్రయాణికుడే గొడవకు దిగాడన్న ధోరణి కనిపించింది. ఆ లేఖ బయటికొచ్చింది. 11న గానీ అసలు క్షమాపణ రాలేదు. విచిత్రం ఏంటంటే, అంతకు ముందు నెలలోనే ప్రజా సంబంధాల రంగానికి చెందిన పీఆర్‌వీక్ పత్రిక ఆయన్ని ఆ ఏటి ఉత్తమ కమ్యూనికేటర్‌గా ఎంపిక చేసింది. అంటే మాట్లాడటం రాక జరిగింది కాదు. లోపల తనవాళ్లకు అండగా నిలబడాలి, బయట జనానికి క్షమాపణ చెప్పాలి, రెండింటికీ రెండు కాగితాలు సరిపోతాయనుకున్నారు. ఈ రోజుల్లో లోపలి కాగితం అంటూ ఏదీ లేదు. ఉద్యోగులకు రాసే ప్రతి మెయిల్‌నూ రేపు పొద్దున పేపర్లో వస్తుందనుకునే రాయండి.

ఏప్రిల్ 27న యునైటెడ్ ప్రకటించిన మార్పులు వెతికి చదవండి. స్వచ్ఛందంగా సీటు వదులుకునే వాళ్లకు ఇచ్చే మొత్తం 10,000 డాలర్ల వరకు పెంచారు. కూర్చున్న ప్రయాణికుణ్ని ఇష్టం లేకుండా లేపకూడదన్నారు. సమస్యను అక్కడికక్కడే తీర్చే అధికారం కింది ఉద్యోగులకు ఇస్తామన్నారు. ఇందులో ఒక్కటి కూడా సోషల్ మీడియా టీమ్ చేసే పని కాదు. పోయిన పేరును తిరిగి తెచ్చుకోవడానికి చివరికి చేయాల్సి వచ్చినవి మాత్రం ఇవే.

అధికారం దగ్గర్లో ఉంటే ఏమవుతుందో చూపించడానికి ఇంకో ఉదాహరణ, ఇది సంతోషకరమైనది. 2013 ఫిబ్రవరి 3న అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఆట మధ్యలో స్టేడియంలో కరెంటు పోయింది, 34 నిమిషాలు ఆట ఆగింది. ఆ చీకట్లోనే ఓరియో బిస్కెట్ వాళ్లు చీకట్లో కూడా ముంచుకుని తినొచ్చు అంటూ ఒక బొమ్మ ట్వీట్ చేశారు. కోట్లు పోసి టీవీలో ఇచ్చిన యాడ్ల కంటే దాన్ని గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు. అందరూ "ఎంత చురుకైన బుర్ర" అన్నారు. బుర్ర సరే, ఆ రాత్రి యాడ్ ఏజెన్సీ వాళ్లూ, సరేనని చెప్పగల కంపెనీ వాళ్లూ కలిసి కూర్చున్నారు, అదీ అసలు సంగతి. అదే ఐడియాను మెయిల్లో పెట్టి అనుమతి కోసం పంపి ఉంటే, మంగళవారానికి "అప్రూవ్డ్" అని వచ్చేది.

ఇక డిలీట్ సంగతి. మీవాళ్లు చేసిన తప్పు కొత్తదేం కాదు, నెస్లే లాంటి సంస్థే చేసింది. 2010 మార్చిలో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్లు కిట్‌క్యాట్‌లో వాడే పామాయిల్ కోసం ఇండోనేషియా అడవులు పోతున్నాయని ఒక వీడియో పెట్టారు. నెస్లే దాన్ని కాపీరైట్ పేరు చెప్పి యూట్యూబ్ నుంచి తీయించింది. జనం కిట్‌క్యాట్ లోగోను మార్చి తమ ప్రొఫైల్ బొమ్మగా పెట్టుకుని కంపెనీ ఫేస్‌బుక్ పేజీకి వచ్చారు. పేజీ చూసే వ్యక్తి, లోగో మార్చిన వాళ్ల కామెంట్లు తీసేస్తామని హెచ్చరించి, పైగా వెటకారంగా జవాబులిచ్చాడు. అంతే, పామాయిల్ గురించి పట్టించుకోని వాళ్లు కూడా ఆ జవాబులు చూడటానికి వచ్చారు. ఆ ఏడాది మే నెలలో నెస్లే, ఫారెస్ట్ ట్రస్ట్ అనే సంస్థతో కలిసి పామాయిల్ ఎక్కడి నుంచి వస్తోందో సరిచూస్తామని ప్రకటించింది. రెండు నెలల తర్వాత చేసిన ఆ పని మొదటి రోజే మొదలుపెట్టి ఉంటే వీడియో తీయించాల్సిన అవసరమే వచ్చేది కాదని నా అభిప్రాయం.

లీగల్ నోటీసుతో నోరు మూయించాలనుకునే వాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది 2003 నాటి ముచ్చట. కాలిఫోర్నియా తీరం ఎలా కోతకు గురవుతోందో రికార్డు చేయడానికి ఒకాయన ఆకాశం నుంచి వేలకొద్దీ ఫోటోలు తీసి వెబ్‌సైట్లో పెట్టాడు. వాటిలో ఒకదాంట్లో గాయని బార్బ్రా స్ట్రైసాండ్ ఇల్లు ఉంది. ఆమె 5 కోట్ల డాలర్లకు దావా వేశారు. దావాకు ముందు ఆ ఫోటోను డౌన్‌లోడ్ చేసుకున్నది ఆరుసార్లు, అందులో రెండు ఆమె లాయర్లవే. దావా వార్త బయటికొచ్చాక ఒక్క నెలలో 4 లక్షల మందికి పైగా ఆ సైట్ చూశారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. దాచబోయి చాటింపు వేసుకోవడాన్ని ఇప్పటికీ స్ట్రైసాండ్ ఎఫెక్ట్ అనే అంటారు.

అలాగని ఏదీ తీయకూడదని కాదు. ఒకరి ఫోన్ నంబరు, చిరునామా బయటపెట్టిన కామెంట్, బూతులు, కులమతాల మీద దూషణ, మోసపు లింకులు ఉంటే తీసేయండి. కానీ ఏవి తీస్తారో ఆ నియమం పేజీలో ముందే రాసి ఉండాలి, అందరికీ ఒకేలా వర్తించాలి. మనల్ని విమర్శించిన కామెంట్ మర్యాదగా ఉంటే, ఎంత మండినా, అది అక్కడే ఉండాలి. పచ్చి అబద్ధం రాస్తే? కింద ఆధారంతో జవాబు రాయండి. ప్లాట్‌ఫారమ్‌కు ఫిర్యాదు చేసే దారి ఎలాగూ ఉంది. లాయర్‌ను పిలవాల్సిన సందర్భాలు ఉంటాయి, నకిలీ ఖాతాలు, నకిలీ సరుకు, డబ్బు కోసం బెదిరింపు లాంటివి. కోపంలో ఉన్న కస్టమర్ ఆ జాబితాలోకి రాడు.

మరి ఎప్పుడు ఎంత క్షమాపణ చెప్పాలి? ఈ విషయంలో టిమొతీ కూంబ్స్ అనే పరిశోధకుడు చెప్పిన విభజన నాకు బాగా పనికొచ్చింది. జనం దృష్టిలో కంపెనీయే బాధితురాలా, ఉద్దేశం లేకుండా జరిగిన పొరపాటా, తెలిసీ ఆపగలిగీ ఆపకుండా వదిలేసిందా అని మూడు రకాలు చేశాడు. బాధ్యత ఎంత ఎక్కువగా కనిపిస్తే అంత ఎక్కువగా తలవంచాలి. ఇది వినడానికి తేలిక. ఆ రాత్రి గదిలో కూర్చున్న ప్రతి మేనేజరూ మాత్రం "మనమే బాధితులం" అనే అంటాడు. ఏ రకమో తేల్చాల్సింది మనం కాదు, జనం. మీ కంపెనీలో పనిచేయని ఇద్దరు స్నేహితులకు జరిగింది చెప్పి, ఎవరిది తప్పనిపిస్తోందో అడగండి. నేను మా ఇంట్లో అడుగుతాను. మా ఆవిడ ఇంతవరకు ఒక్కసారి కూడా కంపెనీ పక్షం వహించలేదు.

నిజంగా బాధితులైనా సులువుగా బయటపడతారని లేదు. 2022 నవంబరులో ఎవరో ఎలై లిల్లీ మందుల కంపెనీ పేరుతో నకిలీ ట్విట్టర్ ఖాతా తెరిచి, డబ్బు కట్టి, ఖాతా అసలైనదని జనం నమ్మే బ్లూ టిక్ గుర్తు కొనుక్కుని, ఇన్సులిన్ ఇక ఉచితం అని రాశారు. అది తమ ఖాతా కాదని, తప్పుడు సందేశం చేరిన వాళ్లకు క్షమాపణలని అసలు కంపెనీ చెప్పుకోవాల్సి వచ్చింది. తప్పు వాళ్లది కాదు. అయినా జనం మాట్లాడుకున్నది నకిలీ ఖాతా గురించి కంటే ఇన్సులిన్ ధర గురించే ఎక్కువ. లోపల ఎప్పటినుంచో ఉన్న పుండు మీద ఎవరు గీరినా రక్తం వస్తుంది. మీ కంపెనీ మీద ఎలాంటి నకిలీ పోస్టు పెడితే జనం ఇట్టే నమ్మేస్తారో ఊహించండి, మీ అసలు బలహీనత ఏమిటో తెలిసిపోతుంది. ఈ కసరత్తు మేం ఏడాదికోసారి చేస్తాం. ఏ టూల్ రిపోర్టు కన్నా ఇది నాకు ఎక్కువ నేర్పింది.

వేగం గురించి ఒక మాట. ఎంత సేపట్లో స్పందించాలని అందరూ అడుగుతారు. నేను గంట అంటాను, కానీ ఆ గంటలో ఏం చెప్పాలన్నది ముఖ్యం. యాప్‌లో చెల్లింపులు ఆగిపోయాయనుకోండి. సాధారణంగా వచ్చే ప్రకటన ఇలా ఉంటుంది: "మా విలువైన కస్టమర్లకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మా సాంకేతిక బృందం సమస్యను పరిష్కరించేందుకు కృషి చేస్తోంది. మీ సంతృప్తే మా ప్రథమ ప్రాధాన్యం." ఇందులో చదివేవాడికి పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు. నేను రాయించేది ఇది: "మధ్యాహ్నం 3 గంటల నుంచి మా యాప్‌లో చెల్లింపులు జరగడం లేదు. తప్పు మాదే, క్షమించండి. డబ్బు కట్ అయి ఆర్డర్ పడని వాళ్లు దయచేసి మళ్లీ కట్టకండి. కారణం ఇంకా తేలలేదు. 5 గంటలకు మళ్లీ ఇక్కడే చెబుతాం."

సమయం ఉంది, ఇప్పుడు ఏం చేయాలో ఉంది, తెలియనిది తెలియదని ఉంది, మళ్లీ ఎప్పుడు వస్తామో ఉంది. 5 గంటలకు చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా సరే, "ఇంకా కాలేదు, 6 గంటలకు వస్తాం" అని రాయాల్సిందే. ఆ ఒక్క మాట తప్పితే మొదటి ప్రకటన కూడా అబద్ధమైపోతుంది. "తప్పు మాదే" దగ్గర మీ లీగల్ వాళ్లు అడ్డుపడతారు, రేపు కోర్టులో అది ఒప్పుకోలు అవుతుందంటారు. వాళ్ల భయం ఉత్తది కాదు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకే ఈ బేరం గొడవ లేని రోజునే చేసుకోవాలి. ఐదారు సందర్భాలు ఊహించుకుని, ఏ సందర్భంలో ఏ వాక్యం వాడొచ్చో లీగల్‌తో ముందే కూర్చుని ఒప్పించుకోండి. మంటలు లేచాక వాళ్లు ప్రతి మాటా కొట్టేస్తారు.

చెడ్డ వార్తను దాచకుండా చెబితే ఏమవుతుందో, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ చూపించింది. 2017 జనవరి 31న వాళ్ల ఇంజనీరొకరు రెండో సర్వర్లో అనుకుని అసలు సర్వర్లోనే డేటాబేస్ తుడిచేశారు. ఆపేసరికి సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్ కోసం ఐదు రకాల ఏర్పాట్లు ఉన్నాయి, ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. ఇంతకన్నా తల కొట్టేసే పరిస్థితి సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఉండదు. వాళ్లేం చేశారంటే, లోపల రాసుకుంటున్న నోట్సును ఎవరైనా చదివేలా తెరిచిపెట్టారు, రికవరీ పనిని యూట్యూబ్‌లో లైవ్ ఇచ్చారు. తప్పు చేసిన మనిషి పేరు మాత్రం చెప్పలేదు, ఉద్యోగం తీయలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల కిందటి కాపీ ఒకటి దొరికింది, ఆ ఆరు గంటల డేటా పోయింది. తిట్టినవాళ్లు ఉన్నారు. కానీ "మాకూ ఇలాగే జరిగింది" అంటూ ధైర్యం చెప్పిన ఇంజనీర్లు కూడా ఎందరో. వాళ్ల కస్టమర్లు ఇంజనీర్లు కాబట్టి ఇది చెల్లింది, ఆసుపత్రో బ్యాంకో ఇలా లైవ్ పెట్టలేదు. అయినా "మీకెంత తెలుసో మాకూ అంతే తెలుసు" అన్న భావన కలిగించడం ఎవరైనా చేయొచ్చు.

దీనికి పక్కన కంప్యూటర్ భద్రతా సాఫ్ట్‌వేర్ అమ్మే క్రౌడ్‌స్ట్రైక్‌ను పెట్టి చూడండి. 2024 జూలై 19న వాళ్ల తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. అధిపతి పెట్టిన మొదటి పోస్టులో ఇది సైబర్ దాడి కాదు, సమస్య గుర్తించాం, సరిచేశాం అన్న వివరాలున్నాయి, క్షమాపణ లేదు. అది కాసేపటికి టీవీలో వచ్చింది. ఆ తర్వాత భాగస్వాములకు 10 డాలర్ల ఉబర్ ఈట్స్ గిఫ్ట్ కూపన్లు పంపారు. వాడకం ఒక్కసారిగా పెరగడంతో ఉబర్ వాటిని మోసంగా భావించి ఆపేసింది! గోరుచుట్టు మీద రోకటిపోటు. అయితే ఆ ఆగస్టులో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సభలో ఏడాదిలోకెల్లా ఘోరమైన వైఫల్యమంటూ ఎగతాళిగా ఇచ్చే బహుమతిని తీసుకోవడానికి కంపెనీ ప్రెసిడెంట్ స్వయంగా వేదికెక్కారు. హాలు చప్పట్లు కొట్టింది.

వేగానికి ఒక హద్దు కూడా చెప్పాలి. ఏం జరిగిందో వెంటనే చెప్పండి, ఎందుకు జరిగిందో మాత్రం తేలేదాకా చెప్పకండి. 2016లో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు మంటలంటుకుంటుంటే, కంపెనీ సెప్టెంబరు మొదట్లోనే దాదాపు 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచింది. మంచి పనే. కానీ కారణం పూర్తిగా తేలకముందే, ఇవి సురక్షితమని కొత్తవి ఇచ్చారు. అవీ అంటుకున్నాయి. అక్టోబరులో ఆ మోడల్‌నే ఆపేశారు. మొదటి తప్పును జనం క్షమిస్తారు. "సరిచేశాం" అన్న మాట తప్పితేనే నమ్మకం పోతుంది.

పాస్‌వర్డుల సంగతి ఎవరూ ప్లాన్లో రాయరు, మీరు రాయండి. 2013 జనవరిలో బ్రిటన్ సంగీత దుకాణాల సంస్థ హెచ్‌ఎంవీ ఉద్యోగులను తీసేస్తుంటే, అధికారిక ట్విట్టర్ ఖాతా నుంచే ఆ తొలగింపుల లైవ్ కామెంటరీ వచ్చింది. ట్విట్టర్ ఎలా మూసేయాలని మార్కెటింగ్ డైరెక్టర్ అడుగుతున్నారంటూ ఒక ట్వీట్ కూడా. ఇక జనం అప్పుల చరిత్ర నమోదు చేసే అమెరికా సంస్థ ఈక్విఫాక్స్ కథ ఇంకో రకం. 2017లో 14 కోట్ల మందికి పైగా వివరాలు దొంగల పాలయ్యాయి. జూలై 29న కనిపెట్టి సెప్టెంబరు 7న చెప్పారు, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. పైగా బాధితుల కోసం పెట్టిన వెబ్‌సైట్ లింకును కంపెనీ ట్విట్టర్ ఖాతా తారుమారు చేసి, అదే పోలికతో ఎవరో పెట్టిన నకిలీ సైట్ లింకు ఇచ్చింది. కాబట్టి ఎవరి ఫోన్లో ఏ ఖాతా తెరిచి ఉందో పట్టిక రాయండి. ఉద్యోగం మానేసిన రోజే యాక్సెస్ తీసేయండి. షెడ్యూల్ చేసిన పోస్టులన్నీ ఒకే నొక్కుతో ఆపగలిగే వీలు డ్యూటీలో ఉన్న ప్రతి ఒక్కరికీ నేర్పండి. ఆ చివరి పాఠం నాకు నేర్పింది వాషింగ్ మెషిన్ గొడవ జరిగిన ఆ శుక్రవారం రాత్రే.

రివ్యూలు రాయించుకుంటే తప్పేంటి అన్నారు. ఆశ ఎందుకు పుడుతుందో తెలుసు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన మైకేల్ లూకా 2011లో చూపించింది అదే, యెల్ప్ అనే రివ్యూల సైట్లో ఒక్క స్టార్ పెరిగితే రెస్టారెంట్ ఆదాయం 5 నుంచి 9 శాతం పెరిగింది. కానీ కొన్న రివ్యూలు అన్నీ ఒకే వారంలో, ఒకే పొడవులో, అవే మాటలతో వస్తాయి, చదివేవాళ్లకు తెలిసిపోతుంది. చట్టం కూడా వెంటపడుతోంది. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ తెచ్చిన నియమం 2024 అక్టోబరు నుంచి నకిలీ రివ్యూల కొనుగోలును, అమ్మకాన్ని నిషేధించింది. మీరు చేయగలిగింది ఒకటుంది, పని పూర్తయిన ప్రతి కస్టమర్‌నీ, సంతోషంగా ఉన్నా లేకున్నా, రివ్యూ రాయమని అడగండి. ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లకు ఓపిగ్గా జవాబు రాయండి. ఆ జవాబు రాసేది ఒక్కరికే అయినా చదివేది రేపు కొనబోయే వాళ్లు. వాళ్లు చూసేది ఎవరిది తప్పని కాదు, మీతో తేడా వస్తే మీరు ఎలా ప్రవర్తిస్తారని.

టూల్ గురించి ఇప్పుడు. ఏదో ఒకటి కొనండి. పేరు, తప్పుగా రాసే పేర్లు, అధికారుల పేర్లు, ఉత్పత్తుల పేర్లు అన్నీ పెట్టి, పోస్టులు ఒక్కసారిగా పెరిగితే ఫోన్ మోగేలా చేసుకుంటే చాలు. పోస్టు మెచ్చుకోలో తిట్టో టూల్ తనంతట తాను తేల్చి వేసే సెంటిమెంట్ స్కోరును మాత్రం బాస్‌కు చూపించకండి. "అబ్బ, ఏం సర్వీసండీ బాబూ, దండం పెట్టాలి" అన్న వెటకారపు పోస్టును మా టూల్ మెచ్చుకోలుగా లెక్కేసి ఆకుపచ్చ రంగులో చూపించింది. ఫలితం చూపించడానికి నేను వాడేవి చాలా మామూలు లెక్కలు. ఫిర్యాదు నుంచి మొదటి జవాబుకు ఎంతసేపు, సమస్య తీరడానికి ఎంతసేపు, పోస్టు పెట్టినవాళ్లలో ముందే ఫోన్ చేసి విసిగిపోయిన వాళ్లు ఎందరు. మూడో అంకె తగ్గుతోందంటే కంపెనీ బాగుపడుతోందని అర్థం. మొదటిదొక్కటే తగ్గుతుంటే, మనం అరిచేవాళ్లకు ముందు వరుస ఇస్తున్నామని, మర్యాదగా ఫోన్లో వేచి ఉన్నవాళ్లను శిక్షిస్తున్నామని అర్థం. దీన్ని చూసి జనం త్వరగానే నేర్చుకుంటారు, ఫోన్ చేయడం మానేసి నేరుగా పోస్టు పెడతారు. ఈ లెక్కల కాగితం వారానికోసారి బ్రాండ్ హెడ్‌కు కాదు, సర్వీస్ హెడ్‌కు పంపండి. మొదట్లో ఆయన చదవరు. కాపీ పెద్దాయనకు పెట్టండి, చదువుతారు.

వాషింగ్ మెషిన్ గొడవ తర్వాత మేం సాధించిన మార్పు చిన్నదే. ఒక హద్దు వరకు, రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి ఎవరినీ అడక్కుండా వస్తువు మార్చి ఇస్తామని మాటివ్వొచ్చు, లెక్క తర్వాత చూసుకుందాం అని. ఫైనాన్స్ వాళ్లు అందరూ ఎగబడి మోసం చేస్తారని భయపడ్డారు. మొదటి ఆరు నెలల్లో ఆ అమ్మాయి ఆ అధికారం వాడింది తొమ్మిదిసార్లు. మీ ప్లాన్లో మొదటి పేజీలో ఇదే అడగండి, టూల్ బడ్జెట్ చివరి పేజీలో ఉండనివ్వండి.

ఒక్కటి మాత్రం మీ ప్రశ్నలో నాకు ఎక్కడా కనిపించలేదు. ఆ వీడియో పెట్టిన కస్టమర్ సమస్య తీరిందా? కామెంట్లు డిలీట్ చేశారని రాశారు, ఎంతమంది చూశారో రాశారు, బాస్ ఏమన్నారో రాశారు. అది ఇంకా తీరకుండా ఉంటే, రేపు పొద్దున ఆఫీసుకు వెళ్లగానే ముందు వాళ్లకు ఫోన్ చేయండి. ప్లాన్ మధ్యాహ్నం రాసుకోవచ్చు.